సింహాచలమ్మ చూపించిన పిల్లి

మొన్న వానలో తడిసిన గోనెసంచిని ఎవరో మా ఆస్పత్రి వరండాలో పడేసి వెళ్ళారు. మట్టీ, కుళ్ళిన జనపనారా కలిసిన ఆ పుల్లటి వాసన తగలగానే నేను కుర్చీలోంచి లేచి రెండడుగులు వెనక్కి వేశాను. కొత్తగా చేరిన కాంపౌండరు కంగారుపడి "ఏమైంది సార్, పామా?" అన్నాడు. పాము లేదు, సంచి ఖాళీ. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి సంచుల్లోంచి ఏమేం బయటికొచ్చాయో నా ఒళ్ళు ఇంకా మరిచిపోలేదు. వాటి మూతి విప్పింది నేను కాదు. ఆ ధైర్యం సింహాచలమ్మది.

రెండువేల పన్నెండులో నాకు మొదటి పోస్టింగు నౌపడ దాటాక సముద్రం వైపున్న ఒక ఊళ్ళో వచ్చింది. రెండు గదుల పశువైద్యశాల, ముందు వరండా, వెనక కనుచూపు మేరా ఉప్పుమడులు. నేను బొబ్బిలిలో కిరాణా వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. మా కొట్లో ఎలకల్ని పట్టే పిల్లి తప్ప చిన్నప్పుడు నాకు మరో జంతువుతో పరిచయం లేదు. అయినా కాలేజీలో బంగారు పతకం వచ్చింది కాబట్టి నాకు తెలియని జంతువు ఉండదన్న నమ్మకంతో బండి దిగాను. సింహాచలమ్మ అక్కడ అటెండరు. యాభై దాటిన మనిషి, చేపల వేట మీద బతికే కుటుంబం. భర్త పోయాక ఆ ఉద్యోగం వచ్చిందట. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చుట్టని నిప్పు నోటిలోపలికి పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. ఆమె నోరు మూసుకుని ఉందంటే చుట్ట కాలుస్తోందో, నా గురించి ఆలోచిస్తోందో తెలిసేది కాదు.

నేను చేరిన రెండో నెలలో ఒక రైతు గోనెసంచి భుజాన వేసుకొచ్చి బల్ల మీద దభీమని దించాడు. "బాబూ, జీడితోటలో దొరికింది. పాపం దీనికేదో చర్మంజబ్బు. ఒళ్ళంతా పెచ్చులు కట్టేసినాది," అన్నాడు. సింహాచలమ్మ మూతి విప్పగానే పెంకులు పేర్చినట్టున్న పెద్ద బంతి ఒకటి దొర్లి బల్ల మధ్యలో ఆగింది. తల లేదు, కాళ్ళు లేవు, ఏ వైపునుంచి చూసినా అదే బంతి. అలుగు అనే జంతువు ఉంటుందని పుస్తకంలో ఒక పేరా చదివాను గానీ ఆ పేరా పక్కన బొమ్మ లేదు. రైతు నా మొహంకేసి చూస్తున్నాడు. తెలీదని చెప్పడానికి పతకం అడ్డొచ్చింది. "విటమిన్ల లోపం. ఇంజక్షను చెయ్యాలి," అన్నాను గంభీరంగా.

సింహాచలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "బాబూ, అదలగే పుట్టింది," అంది.

"అంటే?"

"అలుగు బాబూ. ఆ పెచ్చులు దాని సొక్కా. సూది ఎక్కడ దిగుతాదేటి?"

రైతు నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను వదల్లేదు. పళ్ళు చూసి వయసు చెబుతానని బంతిని విప్పడానికి రెండు చేతులా పట్టుకుని లాగాను. అది ఇంకా బిగుసుకుంది. "పళ్ళుంటే గదా బాబూ సూడ్డానికి? దానికి నాలికే గానీ పళ్ళు నేవు," అని, ఆమె మా ఇద్దరినీ గదిలోంచి బయటికి తోసినంత పనిచేసింది. బంతిని నేల మీద పెట్టి, కిటికీ రెక్కలు మూసి, తలుపు ఓరగా ఉంచింది. "కూకోండి. మాటాడకండి. అదేటో అదే సెప్తాది." గుమ్మం దగ్గర గచ్చు మీద ముగ్గురం వరసగా కూర్చున్నాం. గంటసేపు ఏమీ జరగలేదు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి బంతిలోంచి సన్నటి ముక్కొకటి బయటికొచ్చి గాలి వాసన చూసింది. మరి కాసేపటికి బంతి విడిపోయి, ఆ జంతువు వెనక కాళ్ళ మీద నిలబడింది. ముందు గోళ్ళు రెండూ గుండెల దగ్గర ముడుచుకుని, పైఅధికారి దగ్గరికి సెలవు అడగడానికి వెళ్ళే గుమాస్తాలా వంగి వంగి నడుస్తూ గోడ వారకి వెళ్ళింది. ఆ గోడ పగుల్లోంచి వచ్చే చీమల గురించి నేను చేరినప్పటినుంచీ గొణుగుతున్నాను. దాదాపు జానెడు పొడవున్న నాలుక సర్రుమని తీసి, మేం కబురుపెట్టిన అటవీశాఖ వాళ్ళు జీపేసుకుని వచ్చేలోగా ఆ పగులంతా శుభ్రం చేసేసింది. సాయంత్రం తాళం వేస్తూ సింహాచలమ్మ, "ఇయ్యాల మన ఆస్పత్రిలో పని సేసింది అదొక్కతే," అంది.

చిన్నబుచ్చుకోవలసిందే, కానీ నాకు ఎందుకో నవ్వొచ్చింది. ఆ రోజునుంచి ఆమె కూర్చోమంటే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. అయితే అన్నిటికన్నా ఎక్కువ చర్చ రేపిన జంతువు ఏ సంచిలోనూ రాలేదు.

మా ఊరి చివర ఒక ఆసామికి చేపల చెరువు ఉండేది. ఊరంతా ఆయన్ని బుగత అనేవారు, అక్కడ భూస్వామిని అలాగే పిలుస్తారు. మరుసటేడు చలికాలంలో ఆయన చెరువులో చేపలు తగ్గిపోవడం మొదలైంది. చెరువు పక్కనే గురువులు అనే మనిషి గుడిసె. సింహాచలమ్మకి మరిది. ఇంకెవరు దొంగిలిస్తారని బుగత పెద్దల్ని కూర్చోబెట్టి గురువులు దగ్గర్నుంచి వల లాక్కున్నాడు. పడవ ఎక్కనివ్వద్దని రేవులో చెప్పించాడు. అంతటితో ఆగకుండా, మళ్ళీ గట్టెక్కితే తెలిసొస్తుందని చెరువు చుట్టూ కరెంటు పెట్టడానికి తీగచుట్టలు తెప్పించాడు. వల లేని వేటగాడికి పొయ్యి వెలగడం కష్టం. ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు.

చిత్రమేమిటంటే సింహాచలమ్మకి గురువులుతో ఏడేళ్ళుగా మాటల్లేవు. ఎందుకో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. అయినా సంగతి తెలియగానే నన్ను వెంటబెట్టుకుని చెరువు దగ్గరికి బయల్దేరింది. దారిపొడవునా అతన్ని తిడుతూనే ఉంది. "ఆడు దొంగ కాడు బాబూ. అంత ఓపిక ఆడికెక్కడిది? తెల్లారగట్ల లెగాలంటే ఆడికి పేనం మీదకొస్తాది." గట్టు మీద వంగి వెతికి చేప తోకలు నాలుగు ఏరింది. పచ్చివి. తలనుంచి తోకదాకా ఏదో నమిలేసింది. వాటిని బుగత ముందు పెట్టి, "ఆడికి వండి పెట్టే పెళ్ళాం ఉంది గదా, పచ్చిసేప తింటాడేటి?" అని అడిగింది. బురదలో గుండ్రటి అడుగులు చూపించి, "ఇది బావురుపిల్లి. నీట్లో దిగి సేపల్ని పడతాది," అంది.

బుగత పగలబడి నవ్వాడు. "పిల్లి నీట్లో దిగడమేటే? డాక్టరుగారూ, మీరు సదువుకున్నోరు, మీరు సెప్పండి."

పిల్లి జాతిలో అలాంటిదొకటి ఉందని చదివిన గుర్తు లీలగా ఉంది. ఆ ఊళ్ళో ఉందో లేదో నాకేం తెలుసు? సింహాచలమ్మ నాకేసి చూడలేదు, ఆదుకోలేదు. నోరు మూసుకుని పొగ పీలుస్తోంది. "నాకు తెలీదండీ," అన్నాను. డాక్టరునయ్యాక నలుగురిలో ఆ మాట అనడం అదే మొదటిసారి. "తెలీదు కాబట్టి తీగ లాగేముందు కూర్చుని చూద్దాం."

మూడు సాయంత్రాలు కూర్చున్నాం. మొగలిపొదల వెనక బుగత, ఊరి పెద్ద ఒకాయన, నేను, సింహాచలమ్మ, ఆమెకి వీలైనంత దూరంలో గురువులు. మొదటి రెండు రోజులూ దోమలు తప్ప ఏవీ రాలేదు. మూడోరోజు పొద్దు గూకుతుండగా అవతలి గట్టు మీదికి ఒక పిల్లి వచ్చింది. మా కొట్లో పిల్లికి రెండింతలుంది, పొట్టి తోక, ఒంటినిండా నల్లటి మచ్చలు. నీటి అంచున కూర్చుని ముందు కాలితో నీటిని మెల్లగా తట్టింది. ఆగి మళ్ళీ తట్టింది. పురుగేదో పడిందనుకుని చేప పైకొచ్చిందో ఏమో, పిల్లి తల ముందుకు వంచి దభాలున నీళ్ళలోకి దూకేసింది. పూర్తిగా మునిగిపోయింది. బుగత నోరు తెరుచుకుని నా చెయ్యి పట్టేసుకున్నాడు. చెరువు మధ్యకి కాస్త దూరంలో చెవులు తేలాయి, తర్వాత నోట్లో కొట్టుకుంటున్న చేప. ఈదుకుంటూ గట్టెక్కి, ఒళ్ళు ఒక్కసారి దులిపి, ఎవరి సొమ్మో అన్న బెరుకు లేకుండా తీరిగ్గా తిని వెళ్ళిపోయింది.

అప్పుడు పొదల చివరినుంచి గుర్రు వినిపించింది. తన కోసమే జరుగుతున్న ఈ కాపలాలో గురువులు మొగలిపొదకి చేరబడి హాయిగా నిద్రపోయాడు. బుగత స్వయంగా వెళ్ళి తట్టి లేపి, "ఒరే గురువులూ, తప్పయిపోనాదిరా. నీ వల నువ్వు తీసుకెల్లు. దొంగ పిల్లి. నీట్లో దూకినాది, కళ్ళారా సూసినాం," అన్నాడు.

గురువులు కళ్ళు నులుముకుని మా అందరినీ అనుమానంగా చూశాడు. "పిల్లి నీట్లో దూకడమేటి బుగతా? నన్ను ఎర్రోణ్ణి సేస్తన్నారేటి? నాను నమ్మను!"

సింహాచలమ్మ చుట్ట విసిరేసింది. "ఒరే మొద్దు సన్నాసీ! నీ కోసం మూడ్రోజులు దోమల్తో కరిపించుకున్నాం, ఆ ఒక్క నిమిసం కళ్ళు తెరవడానికి నీకేటి రోగంరా?" అని అరిచింది. గట్టంతా దద్దరిల్లింది. గురువులు ఆమెకేసి బిక్కమొహంతో చూసి, మెల్లగా నవ్వాడు. "వదినా, మాటాడినావు," అన్నాడు. ఆమె తల తిప్పుకుంది గానీ, ఇంటికి వెళ్ళే దారిపొడవునా అతన్ని తిడుతూనే, అతని పక్కనే నడిచింది.

బుగత తీగచుట్టలు వెనక్కి పంపేశాడు. ఆ వేసవంతా ఎక్కడెక్కడి చుట్టాల్నో పిలిచి, మునిగే పిల్లిని చూపిస్తానని గట్టు మీద కూర్చోబెట్టేవాడు. గురువులు మాత్రం నేను బదిలీ అయ్యేదాకా నమ్మలేదు.

సింహాచలమ్మ పోయి నాలుగేళ్ళయింది. నేనిప్పుడు మరో మండలంలో ఉన్నాను, నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు. నా ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర ఎప్పుడూ మట్టిగానే ఉంటాయని మా ఆవిడ విసుక్కుంటుంది. పోయిన వారం ఒకాయన మేకను తెచ్చాడు. అది మేత మానేసి గోడకేసి తల ఆనించి నిలబడుతోంది. "ఏటైంది బాబూ దీనికి?" అన్నాడు. "ఇంకా తెలీదు," అని దానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. ఆయన తలపాగా విప్పి నేల మీద పరిచి, "అయితే నానూ కూకుంటాను," అన్నాడు.