పులివెందులలో పదకొండు వన్స్‌మోర్లు

నాటకాలను తెప్పించి ఊళ్లలో ఆడించేవాణ్ణి మా వైపు కాంట్రాక్టరు అనేవాళ్లు. నేను ఏ నాటక సమాజానికీ నౌకరును కాను. కోస్తా సమాజాలకు ఉత్తరాలు రాసేవాణ్ణి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో హాళ్లు మాట్లాడి, పోలీసు అనుమతి తెచ్చి, నటులకు బసా భోజనం చూసుకునేవాణ్ణి. అన్నీ ఒక్కణ్ణే. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన కొత్తలో ఒక నటుడి మీద నేను పగ పెంచుకున్నాను. ఆయన చనిపోయి చాలా ఏళ్లయింది. నా కోపం మాత్రం చావలేదు.

ఆయన రాజు వేషాలు కట్టేవాడు. గొంతు గొప్పది, అది కాదనను. ఎర్రగుంట్ల స్టేషన్లో సమాజమంతా రైలు దిగినప్పుడు నేను ఎదురువెళ్లి, మా వైపు ఎవరినైనా పిలిచినట్టే, "ప్రయాణం బాగా జరిగిందా అప్పా?" అన్నాను. ఆయన నాకు జవాబు చెప్పకుండా తన వాళ్ల వైపు తిరిగాడు.

"విన్నారటండీ? నేను ఈయనకు అప్పనట. ఈయన్ని ఎప్పుడు కన్నానో నాకైతే గుర్తులేదు."

అందరూ నవ్వారు. రాణి వేషం వేసే ఆమె ఒక్కతే నవ్వలేదు. తాగడానికి నీళ్లు ఎక్కడ దొరుకుతాయని నన్ను అడిగింది.

ప్రొద్దుటూరు ఆట బాగానే నడిచింది. ఆయన నన్ను చిటికె వేసి పిలిచేవాడు. కూరలో కారం ఎక్కువైందని విస్తరిని నా ముందుకే తోశాడు. ఓర్చుకున్నాను. నటులు ఇట్లాంటివాళ్లేనని ఈ పనిలోకి దిగిన మొదటి ఏడాదే తెలిసింది.

జమ్మలమడుగులో హద్దు దాటాడు. కొలువు సీనులో భటుడు లోపలికి రాగానే, పుస్తకంలో లేని మాట ఒకటి అందుకున్నాడు. "యాడికి పోతాండావప్పా? ఏందప్పా శానా పొద్దుపోయి వస్తాండావు?" జనం మొదట నవ్వారు. తమ మాట రాజు నోట వచ్చిందని సంతోషపడ్డారు కూడా. ఆయన అంతటితో ఆపలేదు. ముందుకు వచ్చి నిలబడి, "ఈ సీమలో అడుగుపెట్టినప్పటి నుంచి చూస్తున్నాను. మనుషులు మాట్లాడుతున్నారో, బండలు పగలగొడుతున్నారో తెలియడం లేదు" అన్నాడు.

ఆ ఊళ్లో సగం ఇళ్లు బండలు కొట్టి బతికేవి. నవ్వు ఆగిపోయింది. మూడో వరసలో నుంచి ఒక పెద్దాయన లేచి, భార్యను వెంటబెట్టుకొని బయటికి పోయాడు. మిషన్ బడిలో పంతులు ఆయన. నాకు అక్షరాలు నేర్పినవాడు.

తెల్లవారి ఆయన ఇంటికి వెళ్లాను. గడపలోనే నిలబెట్టాడు.

"మా బడి పిల్లకాయలకు కూడా చెప్పి పిలిపించినానప్పా, నువ్వు తెచ్చిన నాటకమని. కూర్చోబెట్టి తిట్టిపిస్తావని అనుకోలేదు."

పులివెందుల బస్సులో ఆ నటుడి పక్కన కూర్చొని, గొంతు తగ్గించి, "అయ్యా, ఆ మాటలు పులివెందులలో వద్దు" అన్నాను.

"ఏ మాటలండీ?"

"మా భాషను ఎగతాళి చేసేవి."

"హాస్యం తెలియనివాళ్లకు నాటకాలెందుకండీ? చేతికొచ్చిన రాజధానినే నిలుపుకోలేకపోయారు మీరు. ఇంక భాష మీద అంత రోషం దేనికి?"

అని కిటికీ వైపు తిరిగాడు. ముద్దనూరు దాటి పులివెందుల చేరేదాకా నేను ఆయన మెడనే చూస్తూ కూర్చున్నాను.

పులివెందులలో హాలు అంటే రేకుల షెడ్డు. సాయంత్రాలు సినిమా ఆడుతుంది కాబట్టి మాకు ఆదివారం పగటిపూట ఇచ్చారు. జమ్మలమడుగు సంగతి మాకంటే ముందు బస్సులోనే అక్కడికి చేరింది. ఆట మొదలు కాకముందు, వేముల వైపు వేరుశనగ పండించే రైతు ఒకాయన షెడ్డు వాకిట్లో నన్ను ఆపాడు. వెనకాల ముప్పై మందిదాకా ఉన్నారు.

"ఈపొద్దు ఆయప్పను స్టేజీ మీదనుంచి కిందికి ఈడుస్తాం మామా. నువ్వు అడ్డం రావద్దు."

ఆట ఆపేసి ఉండవచ్చు. నటుడికి చెప్పి ఉండవచ్చు. నేను చేసింది వేరు.

"చెయ్యి ఎత్తొద్దప్పా. ఎత్తితే కేసవుతుంది. ఆయన పద్యం పాడినాక వన్స్‌మోర్ అనండి. మళ్లీ పాడతాడు. మళ్లీ అనండి. ఆపొద్దండి."

పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరవడం, నటుడు మళ్లీ పాడటం మర్యాద. పాడనంటే అవమానం నటుడిదే. రైతు తలాడించి లోపలికి పోయాడు.

ఆ రోజు ఆయన మా భాష జోలికే పోలేదు. భటుడు వచ్చాడు, పుస్తకంలో ఉన్న మాటలే చెప్పుకొని పోయాడు. బస్సులో నేనన్నది ఆయన చెవికెక్కిందో, జనాన్ని చూసి భయపడ్డాడో తెలియదు. నేను రైతు దగ్గరికి వెళ్లి వద్దని చెప్పడానికి అర్ధగంట సమయం ఉంది. పక్క తెర చాటునే నిలబడ్డాను.

రాణి మోకాళ్ల మీద కూర్చొని వేడుకుంటుంది, రాజు పెద్ద పద్యం పాడతాడు. పాడాడు. వన్స్‌మోర్ అన్నారు. ఆయన చేతులు జోడించి, మురిసిపోయి, ఇంకా పై స్థాయిలో పాడాడు. మళ్లీ అన్నారు. నాలుగోసారి హార్మోనియం ఆయన తలెత్తి హాలును చూశాడు. ఐదోసారికి రాజుకు అర్థమైంది. పక్కకు తిరిగి నన్ను చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. రేకుల కింద ఎండకు ముఖానికి పూసిన రంగు కారి మెడ మీదికి దిగింది. ఏడోసారి గొంతు చీలింది. పదకొండోసారి గాలి తప్ప రాగం రాలేదు. వెనక ఎవడో నవ్వాడు. రైతు లేచి, "ఇంక సాలు" అన్నాడు. తెర దించారు.

రంగు కడుక్కునే చోట ఆయన బొంగురు గొంతుతో అడిగాడు.

"ఇది మీ పనేనా?"

"నా పనే."

"ఇవాళ నేను ఒక్క మాటైనా అన్నానా?"

"అనలేదు. మొన్న అన్నావు."

ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. ఆయన చెంబెత్తి నీళ్లు తాగాడు, మళ్లీ నాతో మాట్లాడలేదు. రాణి వేషం వేసిన ఆమె ఒక మూల కూర్చొని, చీర కొంచెం పైకి లాగి, మోకాళ్లకు తడిగుడ్డ అద్దుకుంటోంది. స్టేజీ బల్లల గరుకుకు చర్మం లేచిపోయింది. ఆ పదకొండుసార్లూ ఆమె మోకాళ్ల మీదే ఉంది. నాకది తట్టనేలేదు.

"ఆయన మీద కోపానికి నన్నెందుకండీ అంతసేపు అలా ఉంచారు?"

"మీ గురించి ఆలోచించలేదమ్మా."

"అది తెలుస్తూనే ఉందండీ" అంది.

ఆయన ఆ ఏడాదంతా పాడలేకపోయాడని తర్వాత విన్నాను. బాధ కలగలేదు. పంతులుగారికి చెబితే మెచ్చుకుంటాడనుకొని జమ్మలమడుగు పోయాను. అంతా విని, "నేను లేసి బయటికి వచ్చినాను కదప్పా, దాంతో అయిపోయింది నాకు. నువ్వు చేసింది నా కోసమని మాత్రం చెప్పుకోవద్దు" అన్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చింది. అప్పటి నుంచి ఆయన ఉన్న వీధికి పోలేదు.

కోస్తా సమాజాలు నా ఉత్తరాలకు జవాబులు మానేశాయి. బళ్లారి వైపు చిన్న సమాజాలను తెచ్చి నెట్టుకొచ్చాను. ప్రొద్దుటూరు జనం మాత్రం ఆ రాణి వేషం ఆమెను పిలిపించమని పదేపదే అడిగేవాళ్లు. రెండేళ్లకు ధైర్యం చేసి ఆమెకు ఉత్తరం రాశాను. కార్డు మీద రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. వస్తానంది. ఆట జరిగే రోజు నేను ఆ ఊళ్లో ఉండకూడదంది.

హాలు మాట్లాడాను, అనుమతి తెచ్చాను, స్టేషనుకు బండి కుదిర్చాను. మిగతాది బట్టల కొట్టు నడిపే ఒక మిత్రుడికి అప్పగించి, పొద్దున బస్సుకే వేములలోని మా అక్క ఇంటికి పోయాను. కబురు లేకుండా వచ్చానేమని అక్క అడిగింది. ఊరికే వచ్చానన్నాను. ఆట ఎట్లా జరిగిందో మరునాడు తిరిగొచ్చాక మిత్రుడు చెప్పబోతే వద్దన్నాను.