స్తంభం పక్క కుర్చీ

లియాఖత్ అలీ ఖతర్‌లో పదహారేళ్ళు నీళ్ళ ట్యాంకర్ నడిపాడు. జీతం దగ్గరా డ్యూటీ దగ్గరా ఎప్పుడూ పేచీ పెట్టని మనిషి. ఒక్క విషయంలో మాత్రం తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడు. శుక్రవారం పొద్దున నజ్మా పేటలోని ఉడిపి హోటల్లో, స్తంభం పక్క కుర్చీలోనే కూర్చుని నెయ్యి ఇడ్లీ తినాలి. వంటింట్లోంచి సాంబారు బకెట్టు ముందుగా వచ్చేది ఆ కుర్చీకే. నాలుగు బల్లలు దాటేసరికి సాంబారు చల్లారిపోతుందని ఆయన సిద్ధాంతం.

క్యాంపులో నవ్వేవాళ్ళు. "చాచా, శుక్రారం అందరు బిర్యానీకి పోతరు, నువ్వు ఇడ్లీకి పోతవేంది?"

"ఆరు దినాలు మెస్సుల కోడికూరే గద. ఏడో దినమన్న నన్ను ఇడిసిపెట్టుండ్రి" అనేవాడు.

ఆ శుక్రవారం ఆయనకు ఆఖరిది. వీసా రద్దయింది, రాత్రికి విమానం. ఇడ్లీ మన మెట్‌పల్లి బస్టాండులో దొరకదా అని భార్య రెహానా ఫోన్లో కోప్పడింది. ఇడ్లీ దొరుకుతుంది గానీ ఆ కుర్చీ దొరకదన్నాడు ఈయన. ఆమె ఠపీమని ఫోను పెట్టేసింది.

జుమ్మా నమాజుకని తెల్లటి కుర్తా పైజమా వేసుకుని, అత్తరు పూసుకుని తొమ్మిదింటికే హోటలు చేరాడు. కుర్చీలో ఎవరో ఉన్నారు. ముప్పై ఏళ్ళుంటాయి, ఊదితే ఎగిరిపోయేలా ఉన్నాడు.

శుక్రవారం రద్దీలో అక్కడ ఒక ఆచారం ఉంది. ఎవరి కుర్చీ కావాలో వాళ్ళ వెనక నిలబడాలి. వీపు మీద చూపులు తగిలాయంటే తినేవాడు గబగబా మింగి లేచిపోతాడు. లియాఖత్ అలీ కూడా పదహారేళ్ళుగా అలా మింగినవాడే. అయినా తినే మనిషిని తొందరపెట్టడం పాపమని ఆయన భయం. అందుకని వెళ్ళి వెనక నిలబడి, "నిమ్మలంగ తిను బిడ్డా, తొందరేం లేదు" అన్నాడు.

ఆ మనిషి వెనక్కి చూసి, కంగారుగా సగం లేచి, "అలాగేనండి" అని మళ్ళీ కూర్చున్నాడు. వడ తెప్పించుకున్నాడు. వడ అయ్యాక ఓరగా వెనక్కి చూశాడు. లియాఖత్ అలీ మర్యాదకి నవ్వాడు. అతను పెసరట్టు చెప్పాడు.

అట్టు పొడిగా ఉంటే గొంతు దిగదనీ, సాంబారు పోయిస్తే తొందరగా తేలుతుందనీ ఉపాయం తోచింది ఈయనకు. సర్వర్‌ని పిలిచి, "వాసూ, ఈయనకు సాంబార్ మంచిగ పొయ్యి" అన్నాడు. వాసు రెండు గరిటెలు పోశాడు. ఆ మనిషి గుండెల మీద చెయ్యి పెట్టుకుని దణ్ణంలాంటిదేదో పెట్టి, ఊతప్పం చెప్పాడు.

పదింటికల్లా రద్దీ తగ్గింది. "చాచా, కిటికీ పక్కన ఖాళీ ఉంది, కూర్చో" అన్నాడు వాసు.

"మాఫీ, వద్దు. నేను గీడనే నిలబడ్త."

పెద్దాయన ఊరికే నిలబడడు కదా అని, అన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా ఇంకో ఇద్దరు వచ్చి ఈయన వెనక నిలబడ్డారు. కాసేపు చూసి విసిగి వెళ్ళిపోయారు. ఊతప్పం తర్వాత పూరీ వచ్చింది, పూరీ తర్వాత పొంగలి. సన్నటి మనిషి చెమటలు కారుస్తూ తింటున్నాడు. ఇది పొట్టా, నా ట్యాంకరా అనుకున్నాడు లియాఖత్ అలీ. ట్యాంకరైనా ఇరవై నిమిషాల్లో నిండుతుంది.

పావు తక్కువ పదకొండింటికి వాసు షట్టరు సగం దించాడు. నమాజుకి కొట్టు మూసే వేళ. "చాచా, ఇడ్లీ ఖలాస్. ఆఖరి ప్లేటు ఆయన ముందే ఉంది" అన్నాడు.

లియాఖత్ అలీకి కళ్ళనీళ్ళు ఆగలేదు. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి ఇడ్లీ కోసం ఏడవడమేమిటని సిగ్గుపడ్డాడు కూడా. ఆ కన్నీళ్ళు చూసి కుర్చీలో మనిషి చెయ్యి ఇడ్లీ దాకా పోనిచ్చి, ఆగి, చేతులు జోడించాడు.

"క్షమించండయ్యగారూ. ఇంకొక్క ముక్క కూడా దిగదండి. మీరు బాధపడకండి."

"నేనెందుకు బాధపడత బిడ్డా?"

"హోటలు ఓనరుగారు స్వయంగా వెనకాల నిలబడి వడ్డింపిస్తుంటే మధ్యలో లేవకూడదు కదండీ. మా అమలాపురంలో అలా లేస్తే పెట్టినోళ్ళని అవమానించినట్టేనండి. నా పేరు ధర్మరాజండి, ఏసీ మెకానిక్‌ని. ఈ దేశమొచ్చి నాలుగు రోజులైంది. ఇక్కడింత మర్యాద ఉంటుందనుకోలేదండి."

"నేను ఓనర్ను గాదు. ట్యాంకర్ డ్రైవర్ను. నీ కుర్చీ కోసం నిలబడ్డ."

ధర్మరాజు ఖాళీ కుర్చీలన్నీ ఒకసారి కలయజూశాడు. "మరి ఇన్నున్నాయి కదండీ?"

రాత్రి విమానం సంగతీ, పదహారేళ్ళ సంగతీ లియాఖత్ అలీ చెప్పాడు. ధర్మరాజు పొట్ట పట్టుకుని లేచాడు. జేబురుమాలుతో కుర్చీ తుడిచాడు. "ఈ ప్లేటు ముట్టుకోలేదండి, కూర్చోండి" అని ఇడ్లీ ముందుకు జరిపాడు. వాసు గిన్నె అడుగున ఉన్న సాంబారు పొగలు కక్కుతుండగా తెచ్చి పోశాడు.

లియాఖత్ అలీ కూర్చుని, అలవాటు చొప్పున సగం ఇడ్లీ ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాడు. వెనక ఎవరో నిలబడ్డట్టయింది. తిరిగి చూస్తే ధర్మరాజు, కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

"నెమ్మదిగా తినండి. తొందరేం లేదండి. వాసుగారూ, చాచాగారికి ఇంకొంచెం చట్నీ వెయ్యండి."

పదహారేళ్ళలో ఆయన వెనక ఎందరు నిలబడ్డారో లెక్కలేదు. అందరూ ఆయన ఎప్పుడు లేస్తాడా అని నిలబడ్డవాళ్ళే. లియాఖత్ అలీ నోట్లోది మింగి, మిగిలిన ఇడ్లీ చిన్న చిన్న ముక్కలు చేసుకున్నాడు. సాంబారు పూర్తిగా చల్లారేదాకా తింటూ కూర్చున్నాడు.