సున్నం మచ్చల దారి

మా మరిది పోట్లాటలో గెలవడం నేను చూసింది ఒక్కసారే. అది చాలు.

కొండ మీద పిల్లల వేసవి శిబిరానికి ఆ ఏడు కొత్త మేనేజరు వచ్చాడు. పిల్లల్ని శిఖరానికి అడ్డదారిన తీసుకెళ్తానన్నాడు. ఆ దారి మొదలయ్యేది నా వంటశాల వెనకే. మా మరిది సున్నం బకెట్టు పక్కన పెట్టుకుని దారికి అడ్డంగా కూర్చున్నాడు.

"అక్కడ రాళ్ళు కదులుతున్నాయి సార్."

"లేస్తావా, లేపించమంటావా?"

"లేపించండి సార్. నడుం కూడా పట్టేసింది."

గంటసేపు వాదించుకున్నారు. ఈలోగా ఎనభై మంది పిల్లలూ ఎక్కడివాళ్ళక్కడ కూలబడి, పైకెళ్ళాక తినమని నేను కట్టిచ్చిన రొట్టెలన్నీ తినేశారు. తిండి లేకుండా పిల్లల్ని కొండ ఎక్కించకూడదని శిబిరం రూలు. మేనేజరు ఖాళీ పొట్లాల వంక చూసి, బూట్లు విప్పుకోవడానికి గదిలోకి పోయాడు. మా మరిది గెలిచానని ఎక్కడా చెప్పుకోలేదు. ఆ పని నేను చేశాను.

నేను చదివింది రెండో తరగతి. అయినా ఈ శిబిరం చరిత్ర ఆఫీసు గోడకంటే నాకే బాగా తెలుసు. గోడ మీద మేనేజర్ల పేర్లే ఉన్నాయి. వాళ్ళు వచ్చారు, జలుబు పట్టించుకున్నారు, పోయారు. మొదటి ఏడు నాలుగు గుడారాలు, ఇద్దరి దుప్పటి ముగ్గురికి. తర్వాత రేకుల షెడ్లు, వాన పడితే ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. ఆ తర్వాత సిమెంటు గదులు. కొండ మీది దారి మాత్రం మొదట్నుంచీ మా మరిదిదే. ఏటా పిల్లలు రాబోయే ముందు వారం పైకెళ్ళి, వానలకి చెరిగిన గుర్తుల మీద మళ్ళీ సున్నం పూస్తాడు. పది అడుగులకో రాయి, రాయికో తెల్ల మచ్చ. దారి విరిగిపడ్డ చోట పాత మచ్చల్ని ఇనుప బ్రష్షుతో గీకేసి, పక్కనుంచి కొత్తవి పెడతాడు. మంచు కమ్మినా పిల్లలు మచ్చలు పట్టుకుని దిగొచ్చేస్తారు.

మొదట్లో అతన్ని 'సున్నం అన్నా' అనేవాళ్ళు. తర్వాత 'సున్నం మామా'. ఇప్పుడు 'సున్నం తాతా'. నన్ను మాత్రం పాతికేళ్ళ వయసు నుంచే 'అమ్మమ్మా' అన్నారు, దిక్కుమాలిన సంత.

నలభై రెండు వేసవులు. ఒళ్ళు హూనమైంది ఇద్దరికీ. గుండిగ దించాలంటే నాకు ఇంకో ఇద్దరు కావాలి. అతను మొదటి మలుపుకే రెండుసార్లు కూర్చుంటున్నాడు.

ఈ ఏడు, పిల్లలు ఎల్లుండి వస్తారనగా, మధ్యాహ్నమే దిగొచ్చి వంటశాల గుమ్మంలో కూలబడ్డాడు. నీళ్ళిచ్చాను. తాగలేదు.

"వదినా, తప్పు చేశాను."

"కొత్తగా ఏం చేశావు?"

"పాత దారికి పూశాను. ఇరవై ఏళ్ళ కింద విరిగిపడిన దారికి. చెయ్యి దాని పాటికది పూసుకుంటూ పోయింది. ఎదురుగా గాలి తప్ప ఏమీ లేని చోట నిలబడ్డాక గానీ తెలియలేదు."

అతను తాగని నీళ్ళు నేను తాగేశాను.

"గీకేశావా?" అన్నాను.

"గీకాను. అన్నీ గీకానో లేదో చెప్పలేను. నా కళ్ళకి రెండూ దారిలాగే ఉన్నాయి."

"మేనేజరుతో చెప్పు."

"ఇప్పుడే వెళ్ళి చెప్తాను. వచ్చే ఏడు ఇంకో మనిషిని చూసుకోమంటాను. కానీ ఆయనా, టీచర్లూ మచ్చలు చూడరు, అలవాటు మీద నడిచేస్తారు. దారి తెలియని మనిషి ఎక్కి చూడాలి. ఈ కొండ మీద దారి తెలియందానివి నువ్వొక్కదానివే."

నిజమే. నలభై రెండేళ్ళలో పొయ్యి నుంచి కొళాయికీ, కొళాయి నుంచి పొయ్యికీ తప్ప నేను నడిచింది లేదు.

"నా మోకాళ్ళ సంగతి తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే. పొద్దున్నే బయల్దేరదాం, ఎంతసేపు పట్టినా పట్టనీ. నువ్వు ముందు నడు వదినా, కొత్తగా వచ్చిన పిల్లలాగా. మచ్చ ఎటు పొమ్మంటే అటు పో, నన్నేమీ అడక్కు. నేను బ్రష్షు పట్టుకుని వెనకాలే ఉంటాను. విరిగిన అంచు ఎక్కడుందో ఇక మర్చిపోను. అటు తిరిగావంటే చెయ్యి పట్టుకుని ఆపుతాను."