ఎస్తేరు మేడమ్ దాచిన సీసా

నిన్న ఉదయం వంటింట్లో చక్కెర డబ్బా మూత తీస్తే అంచు నిండా చీమలు. వేలితో నలిపాను. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చారు. ఒక మనిషిని చీమల వాసనతో గుర్తుచేసుకోవడం పెద్ద మర్యాదేమీ కాదని నాకూ తెలుసు. కానీ ఆమె పనిచేసిన గదిలో ఏడాది పొడుగునా అదే వాసన. చీమల్లో ఉండే ఆ ఆమ్లం పడందే అక్కడి యంత్రం నడిచేది కాదు. దాని పేరు మాస్ స్పెక్ట్రోమీటరు. ప్రొటీన్లను ముక్కలుగా కోసి ఇస్తే, ముక్కల బరువును బట్టి అది ఏ ప్రొటీనో, ఎంత ఉందో చెబుతుంది. మా విశ్వవిద్యాలయం మొత్తానికి అలాంటిది ఒక్కటే ఉండేది. దాన్ని నడిపేది ఎస్తేరు మేడమ్. ఆమెకు డాక్టరేటు లేదు. డాక్టరేటు కావలసినవాళ్లందరూ ఆమె గది ముందు చెప్పులు విడిచి నిలబడేవాళ్లు.

మేడమ్ లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు, రైలు చక్రాల కొలత చూడడం ఆయన పని. "మా నాయిన తాను కొలిచిన చక్రాన్ని ఇంకొకలతోని మళ్ల కొలిపిస్తుండె," అని ఒకసారి చెప్పారు. "నీ మీద నీకే నమ్మకం లేదా నాయినా అంటే, రైలెక్కేటోళ్లు నన్ను నమ్మి ఎక్కుతలేరు బిడ్డా, చక్రాన్ని నమ్మి ఎక్కుతున్నరు అంటుండె." ఆ పద్ధతినే ఆమె మా గదిలోకి తెచ్చారు. ఏ విద్యార్థి ట్రే అయినా పని మొదలుకాకముందే ఆమె చేతుల మీదుగా వెళ్లాలి. మన సీసాల మధ్య తన సీసా ఒకటి పెట్టి, అన్నిటికీ కొత్త నంబర్లు అంటించి ఇచ్చేవారు. ఏది తనదో, అందులో ఏముందో ఒక చీటీ మీద రాసి, మడిచి, కోటు జేబులో పెట్టుకునేవారు. మన కొలతలు మొత్తం చూపించాకే చీటీ బయటికొచ్చేది. మేం దాన్ని 'దొంగ సీసా' అనేవాళ్లం. దొంగతనం బయటపడేది మాత్రం ఎప్పుడూ మాదే.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. క్యాంపస్ గేటుకు ఎప్పుడు తాళం పడుతుందో గేటుకే తెలిసేది కాదు. మాది గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. వార్తల సమయంలో మా ఇంట్లో టీవీ కంటే నాన్నే గట్టిగా మాట్లాడేవారు. మేడమ్ మధ్యాహ్నం రోడ్డు మీద వంటావార్పులో కూర్చుని తిని, కోటుకు 'జై తెలంగాణ' బ్యాడ్జీతోనే యంత్రం దగ్గరికి వచ్చేవారు. ఒకరోజు ధైర్యం కూడగట్టుకుని అడిగాను.

"మేడమ్, మాది ఆంధ్రా అని మీకు తెలుసు కదా?"

"నీ టిఫిన్ డబ్బల గోంగూర చూసిననాడే తెల్సింది. అయితే ఏంది?"

"ఏం లేదు, యంత్రం మీద నాకు టైం ఇస్తారో లేదో అని..."

"తెలంగాణ అడుగుడు నా హక్కు. నీ కొలత తప్పొస్తే నిన్ను అడుగుడు నా నౌకరి. రెంటినీ కలపకు. మంగళవారం నీది, పది గంటలకు రా."

నా పరిశోధనంతా ఒకే ప్రశ్న: కీళ్లవాతం ఉన్నవారి రక్తంలో ఒకానొక ప్రొటీను పెరుగుతుందా? ఫెలోషిప్ ఇంకో ఆరు నెలలే ఉందనగా జవాబు వచ్చింది. రెండు రెట్లు పెరుగుతోంది! మా గైడ్ ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. నాలుగేళ్లలో చీవాట్లు కాక ఆయన నాకు పెట్టిన మొదటి పదార్థం అదే. ప్రచురించబోయే వ్యాసానికి పేరు కూడా పెట్టేశారు. గ్రాఫు పట్టుకుని మేడమ్ గదికి పరుగెత్తాను. ఆమె గ్రాఫు వైపు చూడలేదు. జేబులోంచి చీటీ తీశారు.

"మొదటి ట్రేల తొమ్మిదో నంబరు ఎంతొచ్చింది?"

చెప్పాను.

"రెండో ట్రేల పదిహేడు?"

చెప్పాను. మొదటిదానికి దాదాపు రెట్టింపు.

"రెండూ నా రక్తమే. ఒక్కనాడే, ఒక్క చేతికెల్లే తీసింది. ఏం డాక్టర్ సాబ్, సోమవారం ట్రేల మంచిగున్న నేను శుక్రవారం ట్రేల రోగిని ఎట్లయిన?"

నా మొదటి ట్రే నిండా ఆరోగ్యవంతులు, రెండో ట్రే నిండా రోగులు. నోటుపుస్తకం తెరిచి ఇద్దరం వెనక్కి నడిచాం. ప్రొటీన్లను కోసేది ఒక ఎంజైము. దాన్ని వెచ్చటి పెట్టెలో కొన్ని గంటలు పనిచేయనివ్వాలి. మర్నాడు బంద్ అని తెలిసి మొదటి ట్రేను తొందరగా తీసేశాను. రెండోది పెట్టి ఇంటికి వెళ్లాక గేట్లు మూసేశారు, అది రెండు రోజులు లోపలే ఉండిపోయింది. సగం కోసినవాటిని పూర్తిగా కోసినవాటితో పోల్చానన్నమాట. నా ప్రొటీను పెరగడానికి కారణం జబ్బు కాదు, బంద్.

"కవలను ఎప్పుడు కలిపినవ్?" అన్నారు మేడమ్. మనం కొలిచే ముక్కనే బరువు కాస్త ఎక్కువ ఉండేలా తయారుచేస్తే అది కవల. అది ఎంత కలిపామో మనకు తెలుసు కాబట్టి, దానితో పోల్చి అసలుది ఎంతో తేలుస్తాం.

"చివర్లో మేడమ్, కోత అయిపోయాక."

"పెండ్లికి రానోన్ని పెండ్లెట్ల జరిగిందని అడిగితే ఏం చెప్తడు?"

అప్పుడు నా నోట ఒక మాట జారింది. ఇప్పటికీ ఒప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంటుంది. "మేడమ్, ఆ రెండు సీసాలూ ఎలాగూ మీవే కదా. అవి తీసేస్తే..." ఆమె తిట్టలేదు. చీటీ నా చేతిలో పెట్టారు.

"తీసెయ్. నేనెవ్వరికి చెప్ప. గానీ రేపు ఏ డాక్టరో నీ లెక్క చూసి మంచిగున్న మనిషికి మందు మింగిస్తే, గా మనిషి పేరు గీ చీటీ మీద ఉండది బిడ్డా."

ఆ చీటీ తీసుకెళ్లి గైడ్ బల్ల మీద, బిస్కెట్ల పక్కన పెట్టాను. జరిగింది చెప్పాను. ఆయన చీటీ చదివి, "రక్తం మిగిలిందా?" అన్నారు. మిగిలింది. గడువే అంతగా మిగల్లేదు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. రోగుల సీసాలనూ ఆరోగ్యవంతుల సీసాలనూ ప్రతి ట్రేలోనూ కలగలిపేశాం, ఏది ఎవరిదో నాకు తెలియకుండా. కవల ముక్కకు బదులు, ఇంకా కోయని కవల ప్రొటీనునే ఈసారి మొదట్లో కలిపాం, కోత అనే పెళ్లి మొత్తం చూస్తుందని. బస్సులు నడవని రోజుల్లో నేను తార్నాక నుంచీ, ఆమె లాలాగూడ నుంచీ నడిచి వచ్చేవాళ్లం. ఒకరోజు గేటు దగ్గర కానిస్టేబుల్ అడ్డుకున్నాడు. ఎంజైము పనిని సమయానికి ఆపాలని నేను శాస్త్రీయంగా వివరించాను. అతను లాఠీని ఇంకాస్త అడ్డం పెట్టాడు. మేడమ్ ముందుకొచ్చి, "పొయ్యి మీద కూర పెట్టొచ్చినం తమ్మీ, మాడిపోతది, జర జరుగు," అన్నారు. జరిగాడు. ఇంకో మధ్యాహ్నం బాష్పవాయువు కిటికీ సందుల్లోంచి లోపలికొస్తే, ఇద్దరం కళ్లు తుడుచుకుంటూనే సీసాల్లోకి చుక్కలు కొలిచాం. "ఏడ్సుకుంట కొలిచినా కొలత మారొద్దు," అన్నారామె.

మారలేదు. ఈసారి మేడమ్ సీసాలు రెండూ ఒకే మాట చెప్పాయి. రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య తేడా మాత్రం మాయమైంది. నాలుగేళ్ల పని 'తేడా కనిపించలేదు' అన్న రెండు మాటలకు కుదించుకుపోయింది. ముందు ఎందుకు కనిపించిందో మాత్రం ఒక అధ్యాయం నిండా రాశాను. మౌఖిక పరీక్షలో అడిగిన ప్రశ్నలన్నీ ఆ అధ్యాయం మీదే. రాష్ట్రం వచ్చింది, నాకు పట్టా వచ్చింది. రెండూ అనుకున్నదానికంటే ఆలస్యంగానే.

మేడమ్ కిందటేడు పోయారు. ఇప్పుడు నేను ఒక రోగనిర్ధారణ ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. నా ట్రే మొదట మా జూనియర్ శైలజ చేతుల మీదుగా వెళుతుంది. ఆమె ఒక సీసా దాచి, చీటీ జేబులో పెట్టుకుంటుంది. "మీ మీద మీకు నమ్మకం లేదా సార్?" అని అడిగింది చేరిన కొత్తలో. చక్రాల కథ చెప్పాను. ఇవాళ్టి ట్రేలో నలభై సీసాలున్నాయి. అందులో దొంగది ఏదో నాకు తెలియదు. అందుకే నలభైకీ ఒకే మర్యాద చేస్తున్నాను.