గడప పక్కన పాతిన సీసా

ఆ సీసా అక్కడ పాతింది నేనేనని మా చెల్లెలి ఇంటి వాకిట్లో నిలబడి చెప్పాను. నెక్కొండకు దగ్గరి పల్లె అది. నల్లా పైపు కోసం గడప పక్కన తవ్వుతుంటే పచ్చడి సీసా ఒకటి బయటపడింది. లోపల దొడ్డుప్పు, తుప్పు మేకులు, సూదులు, నల్లదారం, ఆడమనిషి తలవెంట్రుకలు. పక్కింటి ముసలాయన కామెర్లకు పసరు పోస్తాడు. చేతబడి ఆయన పనేనని ఊరు తేల్చేసింది. విషయం తెలిసి నేను హన్మకొండ నుంచి కారు మాట్లాడుకుని వెళ్లేసరికే ఆయన్ని కొట్టి పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చోబెట్టారు.

వాకిట్లో ఇరవై మంది దాకా ఉన్నారు. నా మాట ఎవరూ నమ్మలేదు.

"మేడం పేపర్ల పనిచేసింది గదా. ముసలోన్ని ఇడిపించనీకి గట్లనే చెప్తది," అన్నాడొకాయన.

"రేపు మా బర్రె సచ్చినా నేనే సంపిన్నంటది," అన్నాడు పక్కనున్నతను. కొందరు నవ్వారు.

దారిలో నేను చేసిన ఫోనుకు పోలీసు జీపు వచ్చింది. ముసలాయన్ని ఎక్కించుకుని, ఆ సాయంత్రమే డోర్నకల్‌లో ఉన్న కూతురి దగ్గరికి పంపారు.

వాళ్లు నన్ను నమ్మకపోవడానికి కారణం నేనే. ముప్పై ఏళ్లు దినపత్రిక డెస్కులో జిల్లా వార్తలు దిద్దాను. 'మంత్రాల నెపంతో వృద్ధుడిపై దాడి' లాంటి వార్తలు వస్తూనే ఉండేవి. విలేకరి 'నెపం' అన్న మాట మరిచిపోతే నేనే చేర్చేదాన్ని. ఒకసారి ఈ పల్లె బడి ముందే మైకు పట్టుకుని, మంత్రాలూ లేవు, చేతబడీ లేదు అని గంటసేపు చెప్పాను. ఆ రోజు ముందు వరసలో కూర్చున్న వాళ్లే ఇప్పుడు వాకిట్లో ఉన్నారు.

మా ఆయన పోయిన మరుసటి ఏడు ఉద్యోగమూ అయిపోయింది. ఆ ఖాళీలో ఫోనులో ఒక ఇంగ్లీషు పుస్తకం చదివాను. విచ్‌క్రాఫ్ట్ గురించి. ఒకరికి కీడు చేసే విద్య కాదది. ఐరోపాలో పాతకాలపు ప్రకృతి ఆరాధనను ఈ కాలం వాళ్లు మళ్లీ అల్లుకున్న పద్ధతి. చంద్రుడు, రుతువులు, నాలుగు దిక్కులు, ఆకులు అలములు. గురువు అక్కర్లేదు, గుంపు అక్కర్లేదు, ఒంటరిగా నేర్చుకోవచ్చు అని రాశారు. ఆ ఒంటరి అన్న మాట దగ్గర ఆగిపోయాను. తెలుగులో దీన్ని ఏమని చెప్పినా ఎవరో ఒకరికి దెబ్బలు పడే మాటే వస్తుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

పౌర్ణమికి డాబా మీద ఉప్పుతో గుండ్రంగా గీసుకుని మధ్యలో కూర్చునేదాన్ని. పుస్తకంలోని విదేశీ ఆకులు దొరక్క వాయిలాకు, వేపాకు వాడాను. కాజీపేటలో చర్చి దగ్గరి దుకాణంలో రంగు కొవ్వొత్తులు కొంటుంటే, "మీ దిక్కు కరెంటు బాగ పోతాందా మేడం?" అని అడిగేవాడు దుకాణదారు. నమ్మానా అంటే చెప్పలేను. కొవ్వొత్తి ముందు కూర్చున్న అరగంట మాత్రం ఇల్లు అంత ఖాళీగా అనిపించేది కాదు.

చెల్లెలి కోడలికి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచిందని తెలిసినప్పుడు పుస్తకంలోని రక్ష సీసా గుర్తొచ్చింది. చెడును గుచ్చడానికి మేకులు, సూదులు, కట్టేయడానికి నల్లదారం, శుద్ధికి ఉప్పు, ఎవరికి రక్షో వాళ్ల వెంట్రుకలు. పల్లెకు వెళ్లినప్పుడు కోడలి దువ్వెనలోంచి నాలుగు వెంట్రుకలు తీశాను. అందరూ పొలానికి పోయాక గడప పక్కన పాతాను. మన దగ్గర సరిగ్గా ఇదే చేతబడికి గుర్తని ముప్పై ఏళ్లు వార్తల్లో దిద్దినదాన్నే, అయినా ఆ పూట నాకు తట్టలేదు. ఐదో నెలలో ఆ కడుపూ పోయింది. తర్వాత పైపు కోసం తవ్వారు.

జీపు వెళ్లిపోయాక చెల్లెలు నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరేసింది.

"నువ్వే పెట్టినవనుకుందాం అక్కా. అయితే కోడలి కడుపుల పిల్లను నువ్వే తిన్నట్టు. గది ఒప్పుకుంటవా?"

"దాంతోని ఏది పోదు, ఏది రాదు. అది ఉత్త సీసా."

"ఉత్త సీసా అయితే ఎందుకు పెట్టినవ్?"

ఆమె పొయ్యి మీది గిన్నె దించి, నా వైపు చూడకుండా అంది: "నేను నిన్ను నమ్మ. నమ్మితే నాకు అక్క ఉండది."

వారం తర్వాత డోర్నకల్ వెళ్లాను. ముసలాయన ఎడమ చెవికి దూది పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. అంతా చెప్పాను.

"ఉప్పుతోని ఆగకపోయినవా బిడ్డా," అన్నాడు. "ఇంటి ముంగట భూమిల వెంట్రుకలు ఎవరన్న పెడ్తరా? అంత పెద్ద చదువు చదివి."

"తప్పయింది తాతా."

"తప్పు సరే. నేను నా ఇంటికి పోవాలె. గది ఎట్ల?"

సీసా ఎవరు పాతారు, ఎప్పుడు, ఎందుకు అన్నది వార్త రాసినట్టే ఒక పేజీలో రాసి సంతకం పెట్టాను. గ్రామసభలో చదివి వినిపించమని సర్పంచికి ఇచ్చాను. ఆయన నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఫికర్ చెయ్యకు మేడం. జర ఊరు సల్లబడనియ్యి," అన్నాడు.

డాబా మీద కూర్చోవడం మానేశాను. చెల్లెలు ఫోను ఎత్తుతుంది, ఆరోగ్యం అడుగుతుంది, ఇంటికి మాత్రం రమ్మనదు. ఇప్పటికి రెండు గ్రామసభలు అయ్యాయి. కాగితం చదవలేదు. ముసలాయన డోర్నకల్‌లోనే ఉన్నాడు.