తెలుపు వైపు తిప్పిన బిళ్ళ

మస్కట్‌లో ఉన్న ముప్పై ఏళ్ళూ మా ఇంటి కాగితాలన్నీ నేనే చూశాను. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమెకు సంతకం పెట్టే ఓపిక కూడా ఉండేది కాదు. రెసిడెంట్ కార్డులు, పాస్‌పోర్టులు, వాదీ కబీర్ పేటలో మా ఫ్లాటు అగ్రిమెంటు, అన్నీ ఇద్దరివీ ఒకే కవరులో పెట్టుకుని నేనే తిరిగేవాణ్ణి. రోజూ రాసే డైరీలోనూ ‘ఇద్దరం’ అనే రాసేవాణ్ణి.

ఇద్దరం రిటైరయ్యాక, ఒమన్ వదిలే ముందు, తీరం వెంట దక్షిణానికి వెళ్ళే ఒక చిన్న ఓడ ఎక్కాం. నాలుగు రోజుల ప్రయాణం. ఎడారి సముద్రాన్ని తాకే చోట్ల ఆపి పక్షుల్నీ తాబేళ్ళనీ చూపిస్తారు. ఓడ మెట్ల దగ్గర ఒక చెక్కబోర్డు, దాని మేకులకు నంబర్లున్న బిళ్ళలు ఉండేవి. ఒడ్డుకు దిగేటప్పుడు మన బిళ్ళ ఎరుపు వైపుకు, తిరిగొచ్చాక తెలుపు వైపుకు తిప్పాలి. మావి పదకొండు, పన్నెండు.

మొదటి రోజే రెండూ నేను తిప్పేశాను. బోటు నడిపే అతను జగిత్యాల వైపు మనిషి. చూసి నవ్వాడు.

“సార్, అమ్మ బిళ్ళ గూడ మీరే తిప్పుతున్నరా? ఎవలది వాళ్ళే తిప్పుకోవాలె.”

“ముప్పై ఏళ్ళ అలవాటయ్యా.”

“అలా తిప్పుకుంటేగానీ నేనున్నట్టు ఆయనకు తెలీదు బాబూ,” అంది మా ఆవిడ.

మూడో రోజు సాయంత్రం ఖలూఫ్ దగ్గర దిగాం. ఉప్పు పోసినట్టు తెల్లటి ఇసుక దిబ్బలు నీటి దాకా వచ్చి ఆగిపోయాయి. గాలి లేదు. లోతులేని నీళ్ళలో రాజహంసలు నిలబడి ఉన్నాయి. పొగమంచు వాటి కాళ్ళను ముందుగా కప్పేసింది. గులాబీ రంగు ఒళ్ళు మాత్రం గాలిలో వేలాడుతున్నట్టు కనిపించాయి. తడి ఇసుక మీద పీతలు మోకాలి ఎత్తు గోపురాలు కట్టుకుంటున్నాయి. చేతికందే దూరంలో పని జరుగుతున్నా చప్పుడు మాత్రం లేదు.

“మంచు కమ్మితే నడవొద్దు. ఉన్నచోటే కూర్చోండి. బోటే మీ దగ్గరికి వస్తుంది,” అని దిగేటప్పుడే గైడు చెప్పాడు.

డైరీ వేళవుతోందని నేను మొదటి బోటు ఎక్కాను. “గైడు చెప్పిన ఆ తిమింగలం ఎముక చూసి రెండో బోటులో వస్తా, మీరు పదండి,” అని ఆవిడ దిబ్బ పక్కకు నడిచింది. ఓడ మెట్లెక్కాక నా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పదకొండు, పన్నెండు, రెండూ తెలుపు. కేబిన్‌లో కూర్చుని రాశాను: ‘ఐదూ ఇరవై. ఇద్దరం క్షేమంగా ఓడకు చేరాం.’

రెండో బోటు వచ్చిన చప్పుడు, మాటలు వినబడ్డాయి. కాసేపటికి లంగరు గొలుసు పైకి లాగుతున్న మోత. ఆవిడ ఇంకా రాలేదేమని తలుపు తీశాను. బయట ఇసుకంటిన చెప్పులు ఒక్క జతే ఉన్నాయి. నావి.

మెట్ల దగ్గరున్న బోటు అతని దగ్గరికి పరుగెత్తాను.

“అంతా తెలుపే ఉన్నది గద సార్. అమ్మ మీతోనే వచ్చిందనుకున్నం.”

“ఆ బిళ్ళ నేను తిప్పాను.”

ఈసారి అతను నవ్వలేదు. లంగరు ఆపించి బోటు దింపాడు.

ఒడ్డు దగ్గర ఇంజను ఆపితే చెవుల్లో దూది పెట్టినట్టయింది. “ఏమోయ్!” అని అరిచాను. కొంచెం ఆగి, కుడివైపు నుంచి ఎవరో “ఏమోయ్” అన్నారు. నేను అటు తిరిగాను.

“అటు పోకుర్రి సార్. దిబ్బకు తగిలి వచ్చిన మీ గొంతే అది,” అని అతను నా భుజం పట్టుకున్నాడు.

మేము నడిచిన అడుగులు ఎక్కడా లేవు. అవి ఉండాల్సిన చోట తడి ఆరని గోపురాలున్నాయి. వాటి మధ్య నుంచి టార్చి వేసుకుంటూ వెళ్ళాం. చీకటి పడుతోంది.

తిమింగలం వెన్నుపూస మీద, ఒళ్ళో సంచీ పెట్టుకుని, వార్డులో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుని ఉంది ఆవిడ. చుట్టూ గోపురాలు. ఒకటి ఆమె చెప్పు మొనకు ఆనుకుని ఉంది.

“పదిహేడు,” అంది మెల్లగా. “నేను కూర్చున్నప్పుడు మూడే.”

ఆమె చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

“మీ గొంతు ముందు ఆ దిబ్బల లోపలి నుంచి వినబడింది. లేచి వెళ్ళబోయాను.”

“ఎందుకు ఆగావు?”

“నన్ను వెతుక్కుంటూ మీరంత దూరం ఎప్పుడెళ్ళారు గనక?”

ఓడలో ఆవిడ బోర్డు ముందు ఆగింది. పన్నెండో బిళ్ళ ఎరుపుకు తిప్పి, ఒక్క క్షణం చూసి, మళ్ళీ తెలుపుకు తిప్పింది. కేబిన్‌లో నేను డైరీ చూపించాను. రాసినదాన్ని కొట్టేసే అలవాటు నాకు లేదు. అయినా ఆ వాక్యం కొట్టేస్తానన్నాను.

ఆమె రెండుసార్లు చదివింది.

“మరి మీతో వచ్చింది ఎవరండీ?”

వేళాకోళం అనుకుని ముఖంలోకి చూశాను. కాదు.

“ఉండనివ్వండి,” అని కలం తీసుకుంది. నా వాక్యం కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఆరూ ముప్పై అయిదు. నేను వచ్చాను.’

నా డైరీలన్నిటిలో నా చేతిరాత కానిది అదొక్కటే. పేజీలో ఆ పై వాక్యం కూడా అలాగే ఉంది.