తవిటమ్మ గాజులు

ఖిదిర్‌పూర్ రేవు అవతల గోనెసంచుల మిల్లులో మా పక్కింటి గవరయ్యది ఊడ్చే పని. జనపనారను దువ్వే మిషన్ల కింద పీచు రాలుతూనే ఉంటుంది. లాగేయకపోతే నిప్పు పుడుతుంది. మిషను ఆపి శుభ్రం చేయమని గోడ మీద మూడు భాషల్లో రాశారు. ఆపితే మాత్రం మా పని మీద అజమాయిషీ చేసే సర్దారు అప్పలసూరి ఊరుకోడు. అతనూ మాలాగే శ్రీకాకుళం నుంచి వలసొచ్చినవాడే. గేటు దగ్గర ఎర్రజెండా పట్టుకుని అరిచేవాళ్లం కూడా లోపలికెళ్తే నోరెత్తేవాళ్లం కాదు. నాతో సహా.

గవరయ్యకు భయం లేదు గానీ అతని భార్య తవిటమ్మకు చచ్చేంత భయం. ఊరి అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన దారాన్ని తొమ్మిది పేటలుగా పేని, అతని కుడి మణికట్టుకు కట్టింది. రక్షతాడు తెగితే అరిష్టమని అంత గట్టిగా పేనింది.

ఎనభై ఆరులో, విశ్వకర్మ పూజకు ముందురోజు, మిషన్లన్నీ మెరవాలన్నారు. నడుస్తున్న రోలరు పక్కన గవరయ్య గుడ్డతో తుడుస్తున్నాడు. తాడు కొస రోలరు పళ్లకు చిక్కింది. తెగి ఉంటే చెయ్యి దక్కేది. తెగలేదు. నాలుగు వేళ్లు పోయాయి.

మర్నాడు పూజకని అదే మిషను రోజంతా ఆగింది. బంతిపూల దండ వేశారు. తవిటమ్మ గేటు దగ్గరికొచ్చి చూసింది.

"దేవుడికైతే ఆగినాది. నిన్న మా మావ కోసం ఆగితే ఏటయ్యేది?" అంది.

మేం ప్రసాదం పొట్లాలు పట్టుకుని ఇళ్లకెళ్లిపోయాం. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దెబ్బ తిన్నవాడి చోటు ఇంట్లో ఒకరికివ్వడం మిల్లు ఆనవాయితీ. పిల్లలు చిన్నవాళ్లు. తవిటమ్మే బయల్దేరింది.

"ఎల్లొద్దే. నాకు భయమేస్తంది," అన్నాడు గవరయ్య.

"నాకు మాత్రం నేదా? నానెల్లకపోతే పిల్లలేటి తింతారు?"

చేతికి ఏమీ ఉండకూడదని ఆమెకు తెలిసొచ్చింది. గాజులన్నీ తీసి అతని ఎడమచేతిలో పెట్టింది. మొగుడు బతికుండగా చేతులు బోసిగా వెళ్తున్న ఆమెను చూసి మా వీధి ఆడవాళ్లు కళ్లు తిప్పుకున్నారు.

అప్పట్నుంచి రోజూ సైరను మోగే వేళకు గవరయ్య ఆ గాజులు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. ఒకరోజు జనమంతా వచ్చేశారు, ఆమె రాలేదు. అతని చేతిలో గాజులు గలగలమంటుంటే పక్కనున్న నేను గేటు లోపలికి తొంగిచూశాను. చివరికి ఒళ్లంతా పీచుతో వచ్చింది.

"సెయ్యి సూపించు," అన్నాడు.

ఆమె రెండు చేతులూ చాపింది. అతను ఒక్కో వేలూ ముట్టుకుని చూశాడు.

"ఇయ్యాలకున్నాయి మావా," అంది తవిటమ్మ.